కడిగేశాను, సార్

గ్లాసుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి, రెండో కంటితో అంచు చుట్టూ తిప్పి చూశాడు గ్లాసులాయన. అడుగున గోరంత మసక కనిపించింది. నోటి ఆవిరి పట్టించి, మెత్తబడిన పాత నూలుగుడ్డని చూపుడువేలికి చుట్టి లోపలికి పోనిచ్చి, రెండు తిప్పులు తిప్పి మళ్ళీ చూశాడు. ఇప్పుడది ఉందో లేదో తెలియనంత శుభ్రంగా ఉంది. దాన్ని బోర్లించి ఇంకొకటి అందుకున్నాడు.

ఇరవయ్యేడేళ్ళుగా ఆయన చేస్తున్న పని ఇదే. పెద్దమనుషులు మధ్యాహ్నం భోజనానికీ, సాయంత్రం కబుర్లకీ చేరే క్లబ్బు అది. ముందువైపు పచ్చిక, వరండా, తోలు కుర్చీలున్న హాలు. వెనకవైపు వంటగది, దాన్ని ఆనుకుని ఈ ఇరుకు గది. రెండు తొట్లు, ఒకదాంట్లో వేణ్ణీళ్ళు, ఒకదాంట్లో చన్నీళ్ళు. గోడ పొడవునా చెక్క అరలు. హాలువైపు గోడలో నడుమెత్తున ఒక సందు. వెయిటర్లు వాడిన గ్లాసుల ట్రేలు ఆ సందులోంచి లోపలికి తోస్తారు, తళతళలాడే గ్లాసుల్ని ఈయన అదే సందులోంచి బయటికి తోస్తాడు. హాల్లో కూర్చునేవాళ్ళు ఈయన ముఖం చూసి ఎరగరు. మోచేతిదాకా చూసి ఉంటారు.

ఆ చేతులు మాత్రం చూడాల్సినవే. వేళ్ళ చివర్లు నీళ్ళకి నాని తెల్లగా ముడతలు పడి, వేలిగుర్తులు అరిగిపోయి నున్నగా తయారయ్యాయి. చలికాలంలో కణుపుల దగ్గర చర్మం చీరుకుంటుంది. కొత్తగా చేరిన వంటవాడొకడు ఒకసారి, "ఏం గ్లాసులాయనా, కలలో కూడా తుడుస్తుంటావా?" అని వేళాకోళమాడితే, "లేదు బాబూ, కలలో హాయిగా పగలగొడుతుంటాను" అన్నాడు. ఆయన ఆ క్లబ్బులో వేసిన జోకు బహుశా అదొక్కటే. వంటగదంతా వారంపాటు చెప్పుకుని నవ్వుకుంది.

పదకొండు కొట్టేసరికి కొలతయ్య తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతుల్లేని నల్లకోటు, దాని కింద తెల్లచొక్కా, దువ్విన జుట్టు. బార్ దగ్గర నిలబడి మందు పోసేది అతనే. కొలగిన్నె అక్కర్లేకుండా చేత్తో పోస్తే వెంట్రుకవాసి తేడా రాదు. సభ్యులు పందాలు కట్టి మరీ కొలిచి చూసి, ఓడిపోయి పెట్టిన పేరది.

"అన్నా, వదిన ఏం పంపింది ఇవాళ?"

"జావ."

"బతికించావు. పొద్దున్నించీ ఒళ్ళు ఒకటే నలతగా ఉంది."

"నీకు నలతగా లేనిదెప్పుడు? జావ అంటే చాలు, నీకు ఎక్కడలేని జ్వరం వస్తుంది."

తువ్వాలు చుట్టిన గిన్నె విప్పాడు గ్లాసులాయన. మూత తీయగానే ఆవిరి లేచింది. కోడి ఎముకలు సన్నటి సెగమీద మూడు గంటలు మరిగించి, ఆ నీళ్ళలో గుప్పెడు బియ్యం పోసి, మెతుకు విడిపోయి తెల్లటి చిక్కటి పాలలా అయ్యేదాకా గరిటె ఆపకుండా తిప్పితే అయ్యే జావ. పైన సన్నగా తరిగిన అల్లం, దంచిన మిరియాలు, ఎర్రగా వేయించిన ఉల్లిపాయ. ఆయన భార్య దాన్ని వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. జ్వరం వచ్చినా, పరీక్ష పోయినా, ఎవరితోనైనా మాటామాటా వచ్చినా ఆ ఇంట్లో మందు అదే. గొంతులోంచి దిగుతుంటే వెచ్చటి చెయ్యొకటి లోపల్నించి రొమ్ము నిమిరినట్టుంటుంది.

తొమ్మిదేళ్ళ కిందట కొలతయ్య ఈ క్లబ్బులో చేరిన మొదటి నెలలో నిజంగానే జ్వరపడ్డాడు. నా అన్నవాళ్ళెవరూ ఈ ఊళ్ళో లేరు, వెనక పనివాళ్ళ గదుల్లో ఒక్కడే ఉండేవాడు. గ్లాసులాయన తన గిన్నె తీసుకెళ్ళి అతని మంచం పక్కన పెట్టాడు. నాలుగు చెంచాలు తాగి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతుంటే, చలేమో అనుకుని గ్లాసులాయన దుప్పటి కప్పాడు. కాసేపటికి గోడవైపునుంచే, "ఇంటి అన్నం తిని ఎన్నాళ్ళయిందో అన్నా" అని వినపడింది. ఆ సంగతి ఇంటికెళ్ళి చెబితే భార్య మర్నాటినుంచి పెద్ద గిన్నె బయటికి తీసింది. అప్పట్నించీ రోజూ ఇద్దరికీ వస్తుంది. ఆమె కొలతయ్యని ఏడాదికోసారి చూస్తుందేమో. అయినా "మా మరిదికి కారం పడదు," "మా మరిదికి అడుగంటిన మాడు ఇష్టం" అని ఇరుగుపొరుగుతో అంటూనే ఉంటుంది.

ఇద్దరూ బోర్లించిన డబ్బాల మీద ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. కొలతయ్య గిన్నె అడుగు గీకి, చెంచా నాకి, "వదిన చేతిలో ఏదో ఉంది" అన్నాడు, రోజూ అన్నట్టే. లేచి కోటు దులుపుకుని, "ఇవాళ పెద్ద వకీలుగారు వస్తున్నారట, పైఊరి అతిథులతో. గ్లాసులు మెరవాలి" అని వెళ్ళిపోయాడు.

గ్లాసులాయనకి ఒక రహస్యం ఉంది.

చేరిన కొత్తలో, ఓడలమీద పనిచేసి దిగిన కెప్టెన్ ఒకాయన రోజూ సాయంత్రం క్లబ్బుకి వచ్చేవాడు. బార్ అరల్లో అన్నిటికంటే పైన ఉండే సీసాలోంచి ఒక్క పెగ్గు పోయించుకుని, గంటసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుని, గుక్కెడు వదిలేసి లేచేవాడు. ఆ గ్లాసు సందులోంచి వచ్చేది. ఒంపేయబోతూ ఒకరోజు గ్లాసులాయన ఆగిపోయాడు. ఎక్కడో దూరాన కట్టెలు కాలి ఆరిన వాసన. వానకి తడిసిన చెక్క. దానికింద ఎండుద్రాక్ష లాంటి తీపి. ఆయన ఎరిగిన మందు వాసన వేరు. చిన్నప్పుడు వీధి చివర దుకాణం ముందు ముక్కు మూసుకుని దాటిన వాసన అది. ఇదీ అదీ ఒకే జాతివని ఎవరైనా చెప్పినా నమ్మలేనట్టుంది. ఎవరూ లేరు. తాగాడు.

నాలుకమీద ముందు తేనెలా కూర్చుంది. తరవాత మిరియంలా చురుక్కుమంది. గొంతు దిగాక, చాలాసేపటికి, పొగ ఒకటి వెనక్కి లేచి వచ్చి ముక్కులో నిలిచింది. ఆ గుక్క పోయిన దారంతా ఆయనకి తెలిసింది. తనలో అంత లోతుందని ఆయనకి అంతకుముందు తెలియదు.

అప్పట్నించీ ప్రతిరోజూ ఒక్క గుక్క. అంతకుమించి ఎన్నడూ లేదు, మామూలు సరుకు జోలికి ఎన్నడూ పోలేదు. ఏ సీసా ఏదో, తెరిచి ఎన్నాళ్ళయిందో, మంచు ముక్క వేశారో నీళ్ళే కలిపారో, గుక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే చెప్పగలడు. హాల్లో కూర్చుని గంటలకొద్దీ విస్కీ గురించి మాట్లాడేవాళ్ళలో ఒక్కరికి కూడా అంత నాలుక లేదు. ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు? తాగి, ఉప్పునీళ్ళతో పుక్కిలించి, రెండు లవంగాలు నోట్లో వేసుకుంటాడు. ఇంటికి వెళితే భార్య వీధిగుమ్మంలో ఎవరితోనో అంటూ ఉంటుంది: "మా నాన్న తాగి తాగి మమ్మల్ని రోడ్డున పడేశాడు. దేవుడు చల్లగా చూశాడు, ఈయన పొద్దస్తమానం ఆ సీసాల మధ్యే ఉంటాడా, చుక్క ముట్టడు." ఆయన చెప్పులు విప్పే వంకతో తల వంచుకుని లోపలికి పోతాడు.

కానీ ఆయన్ని కాల్చేది తాగుడు కాదు, ఎంగిలి.

కెప్టెన్ గ్లాసు మొదటిసారి ఎత్తిన రోజు ఆయనకి బాగా గుర్తు. ఆ పొద్దున పక్కింట్లో పిల్లాడి పుట్టినరోజు. ఆయన కూతురికప్పుడు ఏడేళ్ళు. ఎవరో సగం కొరికి వదిలేసిన కేకుముక్క పళ్ళెంలోంచి తీసి నోట్లో పెట్టుకోబోతుంటే ఈయన చూశాడు. అందరిముందూ చెంప ఛెళ్ళుమనిపించాడు. "ఎంగిలి తింటావా? మనమేమైనా గతిలేనివాళ్ళమా?" అని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చి, మూడుసార్లు నోరు కడిగించాడు. కేకు దాని నోట్లోకి పోనేలేదు. అయినా కడుక్కుంది, ఎక్కిళ్ళు పెడుతూ. ఆ చెయ్యి మంట ఇంకా ఆరకముందే, అదే చేత్తో, సాయంత్రం ఆ గ్లాసు ఎత్తాడు.

కూతురిప్పుడు వేరే ఊళ్ళో నర్సు. కట్టుకున్నవాడు తాగిన కప్పులో కూడా కాఫీ తాగదు. పోయినసారి వచ్చినప్పుడు అల్లుడు ఆ మాటే చెప్పి నవ్వుతుంటే, "మా నాన్న పెంపకం అలాంటిది మరి" అంది గర్వంగా. గ్లాసులాయన కంచంలోకి చూస్తూ అన్నం కలుపుతూనే ఉన్నాడు, కలిపిందే కలుపుతూ.

ఒంటిగంట దాటాక వకీలుగారు వచ్చారు. భారీ మనిషి, కమిటీలో పెద్ద. వారంగా జలుబట, రుమాలు ముక్కుదగ్గరనుంచి తియ్యడం లేదు. వెంట ఇద్దరు అతిథులు. వాళ్ళు నిమ్మరసంతో సరిపెట్టుకుంటే, ఆయన మాత్రం పై అరలోని సీసా అడిగారు. అందులో సరిగ్గా ఒక పెగ్గు మిగిలి ఉంది. కొలతయ్య ఆఖరి చుక్కదాకా పోసి, ఖాళీ సీసా కింద పెట్టాడు. ఇదంతా సందులోంచి గ్లాసులాయనకి కనిపిస్తూనే ఉంది, ముఖాలు కాదు, చేతులు.

రెండు గుక్కలయ్యాక వకీలుగారి చెయ్యి ఆ గ్లాసుని అవతలికి తోసింది. వెయిటరు దాన్ని ఎంగిలి పళ్ళేలతోపాటు తీసుకొచ్చి సందులో పెట్టాడు. గ్లాసులో సగానికి సగం ఉంది. గ్లాసులాయన అటూ ఇటూ చూసి ఎత్తాడు. అంచుమీద ఘాటుగా పుదీనా, కర్పూరం కలిసిన వాసన తగిలింది. దగ్గుబిళ్ళ. చప్పరిస్తున్న బిళ్ళ నోట్లోంచి తియ్యకుండానే తాగాడన్నమాట మహానుభావుడు. గ్లాసులాయన అంచు ఒకచోట తుడిచి తాగాడు. లోపల సరుకు నిక్షేపంలా ఉంది. అదే పొగ, అదే తడిచెక్క. ఆ సీసా అడుగున పదిరోజులుగా గాలి తగిలి కొంచెం మెత్తబడింది, అంతే. ఇంత మంచిదాన్ని దగ్గుబిళ్ళతో తాగేవాడు కూడా ఉంటాడా అని లోలోపల నవ్వుకున్నాడు. ఎప్పుడూ గుక్కతో ఆపేవాడు, ఆవేళ అంతా ఉందని అంతా తాగేశాడు.

అప్పుడు వినిపించింది హాల్లోంచి గొంతు.

"ఇది విస్కీ కాదు. విస్కీ సీసా కడిగిన నీళ్ళు!"

కుర్చీల చప్పుడు. మేనేజరు బూట్లు పరుగున వచ్చిన చప్పుడు. అతిథుల ముందు పరువు తీశారని వకీలుగారు అరుస్తున్నారు. సీసాలో నీళ్ళు కలిపి, అసలు సరుకు ఎవరో ఇంటికి పట్టుకుపోతున్నారట. బార్ దగ్గర నిలబడేది ఒక్కడేగా, ఇంకెవరు కలుపుతారట. కొలతయ్య గొంతు మెల్లగా ఉంది.

"నేను కలపలేదు సార్. మీ గ్లాసులో మిగిలింది కదా, తెప్పించండి. ఎవరు రుచి చూసినా తెలిసిపోతుంది."

"తెప్పించండి. అదే సాక్ష్యం" అన్నారు వకీలుగారు.

అడుగుల చప్పుడు వెనకగదివైపు తిరిగింది. గ్లాసులాయన చేతిలో ఖాళీ గ్లాసు. ఆలోచించాడని చెప్పడానికి లేదు. తలుపు తెరుచుకునేలోపు చెయ్యి దానంతటదే వేణ్ణీళ్ళ తొట్లోకి వెళ్ళింది.

గుమ్మంలో ముగ్గురు నిలబడ్డారు. మేనేజరు ముందు, ఆయన భుజంమీదుగా వకీలుగారి ఎర్రటి ముఖం, పక్కన కొలతయ్య. కొలతయ్య ముఖంలో భయం లేదు. గట్టెక్కినవాడి ముఖంలా ఉంది.

"ఏవయ్యా, ఇప్పుడు వకీలుగారి గ్లాసొకటి వచ్చింది. ఏదీ?"

గ్లాసులాయన నాలుకమీద పొగ ఇంకా అలాగే ఉంది. నోరు తెరిస్తే వాసన వస్తుందేమోనని భయం వేసింది. 'సరుకు బాగుంది సార్, ఆయన నోట్లో దగ్గుబిళ్ళ ఉండి రుచి తెలియలేదు' అంటే చాలు. నీకెలా తెలుసంటారు. తాగానని చెప్పాలి. ఈ పెద్దమనుషుల ఎంగిలి ఇరవయ్యేడేళ్ళుగా తాగుతున్నానని చెప్పాలి. రేపు వంటగదంతా చెప్పుకుంటుంది. వీధి చెప్పుకుంటుంది. కూతురిదాకా పోతుంది.

"కడిగేశాను, సార్" అన్నాడు.

కొలతయ్య ఆయనకేసి చూశాడు. తొట్లో మునిగిన చేతిని చూశాడు, తడిసిన పెదవిని చూశాడు, అరమీద విప్పి ఉన్న లవంగాల పొట్లం చూశాడు. అతని ముఖంలో ఏదో మెల్లగా అర్థమై, సర్దుకుంది. చెప్పెయ్యవచ్చు. ఒక్క మాట చాలు. గ్లాసులాయన ఆ మాటకోసం ఎదురుచూశాడు కూడా. చెప్పేస్తే బాగుండునని కూడా అనిపించింది.

"అన్న పని ఎప్పుడూ అంతే సార్," అన్నాడు కొలతయ్య. "చేతికి వచ్చింది వచ్చినట్టు కడిగేస్తాడు."

"సాక్ష్యం కడిగేశారు. భేష్" అని వకీలుగారు వెనక్కి తిరిగారు.

మూడింటికి క్లబ్బు ఖాళీ అయింది. కొలతయ్యని పనిలోంచి తీసేశారని వెయిటరొకడు సందులోంచి తల పెట్టి చెప్పి వెళ్ళాడు. గ్లాసులాయన ఆ మాట వినపడనట్టే నిలబడి, కడిగిన గ్లాసుల్నే మళ్ళీ కడిగాడు. వెనక పనివాళ్ళ గదులు ఇరవై అడుగుల దూరం. వెళ్ళలేదు. రోజూలాగే సాయంత్రం పని మొదలయ్యేలోపు రెండు గంటలు విరామం. చొక్కా మార్చుకుని, వెనక గేటులోంచి కాకుండా చుట్టూ తిరిగి ముందు గేటులోంచి బయటపడ్డాడు. వెనక గేటుకి పోవాలంటే ఆ గదుల ముందునుంచి పోవాలి.

ఇంటిదగ్గర భార్య కిటికీ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచి, పొయ్యిమీద గిన్నె పెట్టింది.

"పొద్దున అల్లం కాస్త ఎక్కువ పడింది. మరిది ఏమైనా అన్నాడా?"

"లేదు."

"అడుగు గీకాడా?"

"గీకాడు."

"అయితే పరవాలేదు." తృప్తిగా నవ్వి, వేడి జావ చిన్నగిన్నెలో పోసి ఆయన ముందు పెట్టింది. "మీకూ కాస్త ఉంచాను. తాగండి, ముఖం పీక్కుపోయింది."

చెంచా ఎత్తాడు. నోటిదాకా వచ్చింది. ఆ వాసనకి, డబ్బామీద ఎదురుగా కూర్చుని చెంచా నాకుతున్న మనిషి కళ్ళముందు నిలబడ్డాడు. చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు.

"ఏమైంది?"

చెప్పాడు. మొదలు ఎక్కడో తెలియక చివరినుంచి చెప్పుకుంటూ వెనక్కి వెళ్ళాడు. వకీలు, దగ్గుబిళ్ళ, ఖాళీ గ్లాసు, వేణ్ణీళ్ళు. తాను అన్న మాట. కొలతయ్య అన్న మాట. భార్య మధ్యలో ఒక్కసారే నోరు విప్పింది.

"ఎన్నేళ్ళనుంచి?"

"పిల్లని కొట్టిన రోజునుంచి."

ఏ పిల్లని, ఎందుకు అని ఆమె అడగలేదు. పొయ్యి ఆర్పింది. కుట్టుమిషన్ మీది గుడ్డ మడతపెట్టింది, విప్పి మళ్ళీ మడతపెట్టింది. వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. తిడుతుందనుకున్నాడు. వాళ్ళ నాన్నని తలుచుకుని ఏడుస్తుందనుకున్నాడు. ఆమె వచ్చి, ఆయన ముందున్న గిన్నె రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టేసింది. ముప్ఫైఆరేళ్ళ కాపురంలో ఎవరి ముందునుంచైనా తిండి తీసెయ్యడం ఆయన చూడలేదు. ఒకసారి వీధికుక్క ముందు పొరపాటున పెట్టిన అన్నం కూడా తియ్యనివ్వలేదు ఆవిడ.

"తాగిన సంగతి తరవాత అడుగుతాను," అంది. "అడగకుండా ఉండను. నాతో చెప్పారు, సరే. నాతో చెబితే మరిదికి ఒరిగేదేమిటి? వెళ్ళి చెప్పాల్సినచోట చెప్పండి. చెప్పి వచ్చాక, అన్నం పెడతాను."

దారిలో ఆయన పరిగెత్తాడు. అరవయ్యోపడిలో పడ్డ మనిషి, చెప్పులు టపటపలాడించుకుంటూ పరిగెడుతుంటే కూరలబండివాడు, "పెద్దాయనా, ఏం కొంపలంటుకున్నాయి?" అని అరిచాడు. ఆయన ఆగలేదు. అనాల్సిన మాట అప్పటికే నాలుగైదు రకాలుగా కూర్చుకున్నాడు. ఒక్కటీ నోటికి పట్టేలా లేదు.

మేనేజరు తన గదిలో టీ తాగుతున్నాడు. గ్లాసులాయన గుమ్మంలో నిలబడి, ఎగశ్వాస తగ్గకముందే మొదలుపెట్టాడు.

"సార్, ఆ విస్కీలో నీళ్ళు లేవు. వకీలుగారి నోట్లో దగ్గుబిళ్ళ ఉంది. గ్లాసు అంచుకి వాసన వచ్చింది. మిగిలింది నేనే తాగాను సార్. వాళ్ళు వదిలేసింది... ఎంగిలిది... నేను రోజూ తాగుతాను. తాగేసి, కడిగానని చెప్పాను."

చెప్పేశాడు. నేల చీలలేదు. మేనేజరు టీకప్పు కింద పెట్టి ఆయన్ని ఎగాదిగా చూశాడు. ముఖంలో అసహ్యమేమీ లేదు. ఉన్నది విసుగు.

"ఇంతేనా?"

గ్లాసులాయన తల ఊపాడు.

"పారబోసేది తాగావు. దానికి నిన్ను ఉరి తీస్తానటయ్యా? నవ్వి ఊరుకునేవాణ్ణి. వకీలుగారూ నవ్వేవారేమో. ఈ ముక్క మధ్యాహ్నం అనుంటే, వాడి ఉద్యోగం వాడికుండేదిగా." రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. "నాకు మాత్రం మనసొప్పిందా? ఆయన కమిటీలో పెద్ద. సాక్ష్యం లేదు. ఏం చెయ్యను?"

ఇంతేనా అన్న ఆ ఒక్కమాట గ్లాసులాయన చెవిలో అలాగే ఉండిపోయింది. ఇరవయ్యేడేళ్ళు గుండెలమీద కుంపటిలా మోసింది ఒక నవ్వుకి కూడా సరిపోయేది కాదు. దాన్ని కాపాడుకోవడానికి అంత మనిషిని అమ్మేసుకున్నాడు.

"ఇప్పుడు పిలిపించండి సార్. నేను అందరిముందూ చెబుతాను. వకీలుగారి కాళ్ళు పట్టుకుంటాను."

మేనేజరు ఫోన్ తీసి కొలతయ్యకి చేశాడు. చెవిదగ్గర పెట్టుకుని కాసేపు విని, తల అడ్డంగా ఊపాడు.

"ఫోన్ ఆపేసి ఉంది. నాలుగున్నర బస్సుకి పోతానన్నాడు. వాళ్ళ అక్క ఉందట ఎక్కడో. ఏ ఊరో నేను అడగలేదు, నువ్వెరుగుదువా?"

గ్లాసులాయన ఎరగడు. తొమ్మిదేళ్ళు ఒకే గిన్నెలోది పంచుకు తిన్నారు. కొలతయ్యకి అక్క ఉందని ఆయనకి ఇప్పుడే తెలిసింది. గోడమీద గడియారం ఐదు దాటుతోంది.

"తొమ్మిదేళ్ళు పోశాడు పాపం, వెళ్ళేముందు నువ్వే ఒకటి పోసుకుని తాగి వెళ్ళరా అని వాడితో అన్నాను," అన్నాడు మేనేజరు, మళ్ళీ టీ అందుకుంటూ. "పై అరకి కొత్త సీసా వచ్చింది. వాడే విప్పాడు. తాగే ఉంటాడు."

గ్లాసులాయన పనివాళ్ళ గదులకేసి నడిచాడు. కొలతయ్య గది తలుపు తీసే ఉంది. మంచంమీద పరుపు చుట్టి ఉంది. గోడకి కొట్టిన మేకుకి నల్లకోటు, ఇస్త్రీ చేసినట్టు తిన్నగా వేలాడుతోంది. నేల ఊడ్చి ఉంది. వెళ్ళిపోయేవాడు గది ఊడ్చి వెళ్ళడమేమిటో ఆయనకి అర్థం కాలేదు. గుమ్మం దాటి లోపలికి కాలుపెట్టే ధైర్యం లేక బయటినుంచే చూసి వచ్చేశాడు.

హాల్లో దీపాలు వేస్తున్నారు. సాయంత్రం సభ్యులు ఒక్కొక్కరే వస్తున్నారు. ఎవరో అప్పుడే బార్ దగ్గర కొత్త మనిషిని నిలబెట్టారు. అతను కొలగిన్నె వెలుతురుకి పెట్టి వంగి వంగి చూసి పోస్తున్నాడు. గ్లాసులాయన తన గదిలోకి వెళ్ళి దీపం వేశాడు.

తొట్టి గట్టుమీద, ఆయన రోజూ గుడ్డ ఆరేసుకునే చోట, ఒక గ్లాసు ఉంది. దానిమీద కప్పు కింద పెట్టే సాసరు మూతపెట్టి ఉంది, దుమ్ము పడకుండా. సాసరు ఎత్తాడు. పొగ, తడిచెక్క, ఎండుద్రాక్ష ఒక్కసారిగా గదంతా పరుచుకున్నాయి. సరిగ్గా ఒక పెగ్గు, వెంట్రుకవాసి తేడా లేదు. గ్లాసు వెలుతురుకి ఎత్తి అంచు చుట్టూ తిప్పి చూశాడు. ఎక్కడా పెదవి ఆనిన గుర్తు లేదు.

ఆయన దాన్ని ఉన్నచోటే పెట్టి, సాసరు మళ్ళీ మూత వేశాడు. సందులోంచి మొదటి ట్రే వచ్చింది, రెండోది వచ్చింది, ఆయన చొక్కాచేతులు పైకి మడుచుకుని కడగడం మొదలుపెట్టాడు. పక్కనే గట్టుమీద, మూత కింద, ఎవరూ ముట్టని ఆ నిండు పెగ్గు దీపం వెలుతురులో తేనెరంగుగా నిలబడి ఉంది.